నిప్పు పేరు పెట్టుకున్న మొక్క



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఇక్కడున్నవాళ్ళందరికీ తెలుసు. అచ్చు ప్రతిలో మాత్రం ఆయన పేరు వద్దన్నారు వాళ్ళ పిల్లలు. నాకు ఆశ్చర్యం వేయలేదు. యాభై ఏళ్ళు అంగడి నడిపి, బోర్డు మీద తన పేరు రాయించుకోని మనిషి. పైన కన్నడంలో 'గ్రంథిగె అంగడి' అని ఉండేది, కింద చిన్నక్షరాల్లో తెలుగులో అదే మాట. అంతే. కాబట్టి నేనూ శెట్టిగారనే అంటాను. మా చిన్నప్పుడు పిల్లలందరం అంగడి తాత అనేవాళ్ళం.

హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ బెంగళూరు వచ్చినవాళ్ళు కొందరు కనిపిస్తున్నారు. వాళ్ళకోసం ఒక మాట. మన ఊళ్ళలోని పచారీ కొట్టు, మూలికల కొట్టు, పూజాసామాన్ల కొట్టు, ఈ మూడింటినీ ఒక గుమ్మంలో కలిపితే ఇక్కడి గ్రంథిగె అంగడి అవుతుంది. కరక్కాయ, పిప్పళ్ళు, వసకొమ్ము, బాలింతకు కాయం దినుసులు ఒకవైపు అడుగుతుంటారు. సాంబ్రాణి, జంధ్యాలు, హోమానికి సమిధలు ఇంకోవైపు అడుగుతుంటారు. ఇచ్చే చెయ్యి ఒకటే, తూచే త్రాసు ఒకటే. మందుకు వేరే అర, పూజకు వేరే అర శెట్టిగారి అంగడిలో ఉండేవి కావు. ఉత్తరేణి వేరు పంటినొప్పికీ అదే అరలోంచి వచ్చేది, వినాయక చవితి పత్రికి ఉత్తరేణి ఆకు కావాలన్నా ఆ పక్క బుట్టలోంచే వచ్చేది. వందకు పైగా అరలు. వాటిలో ఒక్క అరకే తాళం. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ ఒక్క అర గురించి.

అందులో ఉండేది చిత్రమూలం.

నేను ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పాను. కాలేజీలో నేర్చుకోని పాఠం ఒకటి ఆ అంగడి గడప మీద నేర్చుకున్నాను. 1983 ప్రాంతం. అప్పుడే ఎమ్మెస్సీ ముగించి, తెలిసినదంతా ఎవరికో ఒకరికి చెప్పాలని తహతహలాడుతున్న వయసు. ఒక మధ్యాహ్నం ఒకాయన గోనెసంచి మోసుకొచ్చి అరుగు మీద దింపాడు. బసవనగుడిలో ఒక పాత బంగళా కొట్టేస్తున్నారట, దాని కంచె మొక్కలు పెరికితే వచ్చిన వేళ్ళట. "చిత్రమూలం శెట్టిగారూ, పచ్చిది" అన్నాడు. శెట్టిగారు ఒక వేరు విరిచారు, వాసన చూశారు, నాలుకకు మాత్రం తగలనివ్వలేదు.

"పువ్వు ఏ రంగు?"

"నీలం."

"తీసుకుపో."

నేను ఊరుకోలేక కల్పించుకున్నాను. తాతా, అదీ చిత్రమూలమే, నీలి చిత్రమూలం, ప్రజాతి ఒకటే, దాని వేరులో కూడా ప్లంబాజిన్ అనే అదే పదార్థం ఉంటుంది అని పాఠం అప్పగించాను. ఆయన అంతా విన్నారు. విని, "చుట్టమే అమ్మాయ్, కాదనను. చుట్టమని ఇంటాయన బదులు సంతకం పెట్టనిస్తామా?" అన్నారు.

నాకు అప్పుడు కోపం వచ్చింది. శాస్త్రం తెలియని మొండితనం అనుకున్నాను. ఆ తర్వాత తీరిగ్గా ఆ నీలిపువ్వు ఊరూపేరూ వెతుక్కుంటూ పోతే, అది నన్ను దక్షిణాఫ్రికా దాకా తీసుకెళ్ళింది. మనిషిగా ఆ దేశానికి నేను వెళ్ళలేదు, పుస్తకాల దారినే వెళ్ళాను.

నీలి చిత్రమూలం మీరందరూ చూసిన మొక్కే. బెంగళూరులో పార్కుల అంచుల్లో, బంగళాల గోడల పక్కన, రోడ్ల మధ్య గట్ల మీద లేతనీలం గుత్తులతో వాలిపోయి ఉంటుంది. పువ్వు కింద ఆకుపచ్చ గొట్టానికి సన్నటి నూగు, ఆ నూగు కొసన జిగురు. చిన్నప్పుడు దాన్ని చెవి తమ్మెకు అంటించుకుని కమ్మలని మురిసిపోని ఆడపిల్ల ఈ ఊళ్ళో ఉండదు. జీబ్రా బ్లూ అనే చిన్న సీతాకోకచిలుక దానిమీద గుడ్లు పెడుతుంది. ఎంత మన ఊరి మొక్కలా కలిసిపోయిందో, అంత పరాయిది. దాని పుట్టిల్లు దక్షిణాఫ్రికా తూర్పు వైపు పొదల నేల, కేప్ నుంచి క్వాజులూ నాటాల్ వరకు. 1786లో ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ దానికి ప్లంబాగో ఆరిక్యులేటా అని పేరు పెట్టాడు. ఆకు మొదట్లో చిన్న చెవుల్లాంటి తొడిమరెక్కలు ఉంటాయి, అందుకని 'చెవులది' అన్నాడు. చెవికమ్మలు చేసుకున్న మన ఆడపిల్లలకు లామార్క్ సంగతి తెలియదు. లిన్నేయస్ శిష్యుడు తున్‌బర్గ్ 1772 నుంచి 1775 దాకా కేప్‌లో తిరిగి మొక్కలు ఏరినవాడు. ఆయన 1794లో దీన్నే కేప్ పేరు మీద కాపెన్సిస్ అన్నాడు. పాత తోటల పుస్తకాల్లో ఆ రెండో పేరే కనిపిస్తుంది. ఇక ప్లంబాగో అన్న ఇంటిపేరులో ఉన్నది సీసం, లాటిన్‌లో ప్లంబమ్. దీని రసం తగిలితే చర్మం సీసపు రంగుకు తిరుగుతుందని ఒక కథ, సీసం విషానికి ఇది విరుగుడని పూర్వం నమ్మారని ఇంకో కథ. మొదటిదానికి నా ఓటు.

ఆ దేశంలో దీన్ని ఎలా వాడతారో చెప్తాను. పులిపిర్లకు, పుండ్లకు, విరిగిన ఎముకలకు పెడతారు. వేరు పొడిని తలనొప్పికి నశ్యంలా పీలుస్తారు. ఇంతవరకు మన శెట్టిగారి అంగడికి వచ్చే బేరంలాగే ఉంది. ఆ తర్వాతివి వినండి. పీడకలలు వస్తుంటే దీనితో వాంతి చేయిస్తారు, కల కడుపులోంచి బయటపడుతుందని. ఇంటి గడ్డికప్పులో దీని పుల్ల ఒకటి దోపుతారు, పిడుగు పడకుండా. దీనికున్న పేర్లలో ఉమాబోఫె ఒకటి. బోఫ అంటే కట్టడం. ఆ పేరు ఇంకొన్ని మొక్కలకూ ఉంది కాబట్టి దానిమీద మేడ కట్టను. కానీ చూడండి, కట్టే మొక్క అనడంలో ఎంత అర్థం ఉందో. విరిగిన ఎముకను కట్టాలి. ఆకాశాన్నీ కట్టాలి. మన వాళ్ళు కట్టు కట్టడం అనే మాటను విరిగిన చేతికీ వాడతారు, ఊరి పొలిమేర కట్టడానికీ వాడతారు. రెండింటికీ మనిషి ఒకడే ఉండేవాడు మా అమ్మమ్మగారి ఊళ్ళో.

ఇక్కడ ఒక భాష సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. జులూ భాషలో ఉముతి అంటే చెట్టు. ఉముతి అంటే మందు కూడా. ఒకే మాట. ఇంగ్లీషువాళ్ళు దాన్ని మూతి అని పట్టుకుపోయి, ఆ దేశపు నాటు వైద్యానికంతటికీ ఆ పేరే పెట్టారు. ఇది చదివినప్పుడు నాకు చప్పున తట్టింది మన 'మందూమాకూ'. రోజూ అంటూనే ఉంటాం, మందూమాకూ లేకుండా తగ్గిపోయింది అని. ఆ మాకు ఏమిటి? మ్రాకు. మ్రాను. చెట్టు. మందు పక్కన చెట్టును నిలబెట్టి జంటపదం చేసుకున్నాం, వాళ్ళు రెండింటినీ ఒకే మాటలో ఇరికించుకున్నారు. ఇంకో పోలిక కూడా ఉంది, అంత ముచ్చటైనది కాదు. మూతి అంటే మేలు చేసేదీ, కీడు చేసేదీ రెండూ. మనకూ అంతేగా. 'మందు ఇచ్చాడు' అంటే ఒక అర్థం, 'మందు పెట్టాడు' అంటే ఊరంతా గుసగుసలాడే అర్థం. తుపాకీలో దట్టించేదీ మందే, సీసాలోదీ మందే. ఈ మాట చాటున ఎంత భయం దాగుందో శెట్టిగారికి తెలుసు. అంగడిలో ఆయన ఎప్పుడూ 'మందు' అని అనలేదు. 'సరుకు' అనేవారు, లేకపోతే 'దినుసు' అనేవారు.

పిడుగు సంగతికి వస్తాను. జులూ అన్న మాటకే ఆకాశమని అర్థం. ఆ ఆకాశాన్ని పశువుల మందలా తోలి అదుపులో పెట్టే ప్రత్యేక వైద్యులు అక్కడ ఉంటారు. ఉరుములొచ్చే ముందు ఇళ్ళకు రక్ష కట్టడం వాళ్ళ పని. గడ్డి ఇళ్ళు, ఎత్తైన గడ్డి మైదానాలు, ఎండాకాలం సాయంత్రాల్లో పెళపెళలాడే మెరుపులు. అక్కడ పిడుగంటే భయం కాక మరేముంటుంది? మనవైపు చూడండి. 2018 ఏప్రిల్ 24న, ఒక్క మంగళవారం, పదమూడు గంటల్లో ఆంధ్రప్రదేశ్ మీద 36,749 పిడుగులు పడినట్టు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ లెక్కపెట్టింది. ఉరిమినప్పుడల్లా మా అమ్మమ్మ మమ్మల్ని దగ్గరకు లాక్కుని అర్జునుడి పేర్లన్నీ వల్లించమనేది. కొందరు ఇంటి చూరులో కొడవలి గుచ్చేవాళ్ళు. పేర్లు చదివితే పిడుగు ఆగదని మాకు కాలేజీకి వచ్చాక తెలిసింది. కానీ పేర్లు చదివిన పిల్లలు చెట్టు కిందికి పరిగెత్తకుండా ఇంట్లో ఒకచోట కూర్చునేవాళ్ళని కూడా అప్పుడే తెలిసింది.

జులూవాళ్ళ పుల్లను చూసి నవ్వే హక్కు మనకు లేదని చెప్పడానికి ఇంత దూరం పోనక్కరలేదు. ఈ మెట్లు దిగి చిక్కపేట మెయిన్ రోడ్డులో నడవండి. పట్టుచీరల కొట్లు, కోటి రూపాయల సరుకున్న కొట్లు. గుమ్మాలకు ఏం వేలాడుతోంది? తలకిందులుగా కట్టిన కలబంద, బూడిద గుమ్మడికాయ, నల్లదారంలో పటిక, నిమ్మకాయా మిరపకాయా. కెంపేగౌడ 1537లో పేట కట్టించాడంటారు. అప్పటి గుమ్మాలకు ఏం కట్టేవారోగానీ, 2017లో ఈ నేలకింద మెట్రో స్టేషను తెరిచాక కూడా పైనున్న గుమ్మాల వేషం మారలేదు.

నాకు బోధపడినంతలో విషయం ఇది. చిత్రమూలం మీద ఈ దేశమూ ఆ దేశమూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఒక విషయంలో ఒప్పుకున్నాయి. సంస్కృతంలో దీని పేర్లు చూడండి. అగ్ని, వహ్ని, అనలం, దహనం, హుతభుక్కు. అమరకోశం కూడా నిప్పుకున్న పేర్లన్నీ దీనికి చెల్లుతాయన్నట్టే చెప్తుంది. తెలుగులో అగ్నిమాత. నిప్పును కన్నతల్లి! అక్కడేమో ఆకాశం నుంచి పడే నిప్పును ఆపడానికి ఇంటికప్పులో పెట్టుకున్నారు. నిప్పుకు నిప్పు కాపలా. ఇది నా ఊహ, శాస్త్రం కాదు, ఊహగానే తీసుకోండి. కానీ ఆ ఊహకు ఆధారం వేరులో ఉంది. తెల్ల చిత్రమూలం, ఎర్ర చిత్రమూలం, నీలిది, మూడింటి వేళ్ళలోనూ ప్లంబాజిన్ ఉంటుంది. పసుపు రంగు పదార్థం, ఘాటు, చర్మానికి పట్టిస్తే మండి, పొక్కి, బొబ్బ లేస్తుంది. 1820లలోనే ఫ్రాన్స్‌లో దాన్ని వేరునుంచి విడదీశారు. తాకినవాడి వేలు ఎక్కడైనా ఒకేలా మండుతుంది. ఆ మంట నుంచి ఒక దేశం పేరు పుట్టించుకుంది, ఒక దేశం రక్ష పుట్టించుకుంది.

మన వైద్యం ఆ మంటను కడుపులోకి తీసుకెళ్ళింది. జఠరాగ్ని మందగిస్తే దాన్ని రాజేయడానికి అగ్ని పేరున్న వేరు. పిప్పలి, మోడి, చవ్యం, చిత్రమూలం, శొంఠి కలిస్తే పంచకోలం. గ్రహణికి చరకుడి కాలం నుంచీ చిత్రకాది గుళిక. మలయాళీలు కొడువేలి పేరుతో ఎర్రదాన్ని ఎక్కువ వాడతారు, ఉత్తరాదివాళ్ళు తెల్లదాన్ని. ఎర్రదానిలో మంట ఎక్కువ. శెట్టిగారు రెండూ పెట్టేవారు, కలిపేవారు కాదు. కలిపిన సరుకు ఎవరైనా తెస్తే తిప్పి పంపేవారు.

శుద్ధి చేయని వేరు ఆయన అరలోంచి గడప దాటేది కాదు. ఆ శుద్ధి నేను కళ్ళారా చూశాను. సున్నం నీళ్ళలో కలిపి, అడుగుకు దిగాక పైతేట వంచుకుని, అందులో వేరుముక్కలు వేసేవారు. కాసేపటికి తేట ఎర్రబడేది. ఆ ఎర్రనీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త తేట. నీళ్ళలో రంగు దిగడం తగ్గేదాకా ఇలా చేసి, కడిగి, నీడన ఆరబెట్టేవారు. నేను ఎమ్మెస్సీ ల్యాబులో క్షారం వేస్తే ప్లంబాజిన్ ఎర్రగా మారుతుందని పరీక్షనాళికలో చూసి నోట్సు రాసుకున్నాను. అదే పరీక్ష ఇక్కడ ఇత్తడి గంగాళంలో జరుగుతోంది. ల్యాబులో దాని పేరు పరీక్ష, అంగడిలో దాని పేరు శుద్ధి. ఆయన రంగు చూసి ఆపేవారు, మేము రంగు చూసి మార్కులు వేసేవాళ్ళం.

మరి ఆ అరకు తాళం ఎందుకు? ఇది చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది, సభలో చిన్నపిల్లలు లేరు కాబట్టి చెప్తాను.

చిత్రమూలం వేరు గర్భాన్ని పోగొడుతుంది. ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో అది రుజువైంది. అంతకు వందల ఏళ్ళ ముందే పల్లెల్లో తెలుసు. తెలిసిన పద్ధతి ఘోరమైనది. వేరుముక్కనో, దాని రసం పూసిన పుల్లనో లోపలికి దూర్చేవారు. గర్భం పోయేది, తరచుగా మనిషీ పోయేది. మన దేశపు వైద్యన్యాయశాస్త్ర గ్రంథాలన్నీ దీన్ని విషాల పట్టికలో చేర్చడానికి కారణం ఇదే. 1920లో తొలిసారి అచ్చయిన మోదీగారి పుస్తకం తరతరాల వైద్య విద్యార్థులు చదివినది. అందులో కూడా చిత్రమూలం ఉంది. ఆ పుస్తకాలలో దీనికే ఇంకో దుర్వినియోగం చెప్పారు, అది వింటే నవ్వొస్తుంది. కొట్టారని దొంగకేసు పెట్టాలనుకున్నవాడు జీడిగింజ రసమో, జిల్లేడు పాలో, చిత్రమూలం వేరో ఒంటికి రుద్దుకుని కమిలిన మచ్చ తెప్పించుకుంటాడు. డాక్టరు ఎలా పట్టుకుంటాడు? నిజమైన దెబ్బకు అంచు అలికినట్టు ఉంటుంది, రంగు రోజురోజుకూ మారుతుంది. దొంగదెబ్బకు అంచు గీసినట్టు ఉంటుంది, పైన చిన్న బొబ్బలు, దురద. పైగా మచ్చ ఎప్పుడూ తన చెయ్యి అందేచోటే ఉంటుంది, వీపు మధ్యలో ఉండదు. శెట్టిగారికి ఈ చివరి మాట చెప్తే పడి పడి నవ్వారు. "అంత దూరం ఎందుకు, కోర్టు వాయిదా ముందురోజు వచ్చి చిత్రమూలం అడిగేవాడి మొహం చూస్తే తెలియదా" అన్నారు.

గర్భం సంగతి ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన పోయాక పెద్దమ్మ, అంటే ఆయన భార్య, చెప్పింది. ఒక సాయంత్రం ఒక పిల్ల వచ్చి ఎర్ర చిత్రమూలం కావాలంది. ఎవరికమ్మా అంటే, మా అత్తకు కీళ్ళనొప్పులు అంది. శెట్టిగారు ఆ పిల్ల చేతులవైపు చూశారట, మెడలో ఏముందో చూశారట, "సరుకు అయిపోయిందమ్మా, లోపలికి వచ్చి మజ్జిగ తాగి పో" అన్నారట. వెనక అరలో నాలుగు శేర్ల సరుకు ఉంది. లోపల పెద్దమ్మ ఉంది. మజ్జిగ తాగుతూ ఆ పిల్ల ఏడ్చింది. మర్నాడు పెద్దమ్మే వెంటబెట్టుకుని వాణీవిలాస్ ఆస్పత్రికి తీసుకెళ్ళింది. 1971లో గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది, డాక్టరు చేతిలో, ఆస్పత్రిలో, చట్టం ప్రకారం జరిగే దారి ఒకటుందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చట్టం వచ్చిందని శెట్టిగారికి ఎలా తెలుసని అడిగాను. "పేపరు చదవరా ఏమిటి?" అంది పెద్దమ్మ.

తొమ్మిది మంది అని లెక్క చెప్పింది ఆమె. తొమ్మిది మందికి సరుకు అయిపోయింది.

నీలిపువ్వు వేళ్ళను తిప్పి పంపిన రోజు నాకు కోపం వచ్చిందన్నాను. ఆ కోపం పెద్దమ్మ ఈ సంగతి చెప్పిన రోజుతో పూర్తిగా పోయింది. భావప్రకాశంలో ప్రతినిధి ద్రవ్యాల జాబితా ఉంది, ఒక దినుసు దొరక్కపోతే దేన్ని వాడవచ్చో చెప్పేది. చిత్రకం దొరక్కపోతే దంతి, లేదా ఉత్తరేణి క్షారం అంటుంది. పక్కింటి చుట్టాన్ని పిలవమని మాత్రం అనదు. నీలిదానిలో ప్లంబాజిన్ ఎంత, ఏ నేలలో ఎంత, ఏ కాలంలో ఎంత, బంగళా తోటలో ఎన్ని పురుగుమందులు కొట్టారు, ఇవేవీ తెలియకుండా దాన్ని ఒకరి కడుపులోకి పంపడానికి ఆయన ఒప్పుకోలేదు. అది మొండితనం అనుకున్న నేను ఎమ్మెస్సీ. ఆయన ఎనిమిదో తరగతి.

ఈ నీలిపువ్వు సొంతగడ్డకు వెళ్ళిన మనవాళ్ళ సంగతి ఒక్క మాట చెప్పి, అక్కడి మూలికల బేరం సంగతి కలుపుతాను. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయల్దేరి డర్బన్ చేరింది. 342 మంది. అప్పటి నుంచి 1911 దాకా మొత్తం 1,52,184 మంది కూలి ఒప్పందం మీద నాటాల్ చెరకు తోటలకు వెళ్ళారు, ఎక్కువమంది మద్రాసు రేవునుంచే. విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల తెలుగువాళ్ళు వాళ్ళలో ఉన్నారు. 1931లో వాళ్ళ పిల్లలు అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఆ చెరకు తోటల గట్ల మీద ఈ నీలిపువ్వు పూస్తూనే ఉండి ఉంటుంది. ఆకు చూసి చిత్రమూలం అనుకున్న తెలుగు ముసలమ్మ ఒకతె అయినా అక్కడ ఉండి ఉండదా అని నాకు అనిపిస్తుంటుంది. పువ్వు రంగు చూసి ఆగి ఉంటుందా, తవ్వి ఉంటుందా?

డర్బన్‌లో వార్విక్ జంక్షన్ దగ్గర, కట్టడం సగంలో ఆగిపోయిన రోడ్డు వంతెన మీద, మూతి బజారు నడుస్తుంది. బెరళ్ళు, వేళ్ళు, గడ్డలు, కుప్పలు కుప్పలు. చిక్కపేటకు అన్న అని చెప్పవచ్చు. ఆ దేశం మొత్తం మీద నాటు వైద్యం వాడేవాళ్ళు 2 కోట్ల 70 లక్షల మంది, ఏటా అమ్ముడుపోయే మూలికలు 20,000 టన్నులు అని 2007లో ఒక అంచనా వేశారు. మన దేశానికి 2005–06లో కావలసివచ్చిన మూలికలు 3,19,500 టన్నులని ఇదే బెంగళూరులోని ఎఫ్.ఆర్.ఎల్.హెచ్.టి. సంస్థవాళ్ళు లెక్కకట్టారు. అప్పట్లో 960 జాతులు బజారులో ఉండేవి, వాటిలో 178 జాతులు ఏడాదికి వంద టన్నులకు మించి పోయేవి. అంత సరుకు ఎవరి చేతుల మీదుగా పోతోంది? దక్షిణాఫ్రికా 2007లోనే సంప్రదాయ వైద్యుల చట్టం చేసింది. సోదె చూసి చెప్పేవాళ్ళు, మూలికా వైద్యులు, మంత్రసానులు, సంప్రదాయ శస్త్రవైద్యులు, నలుగురినీ అందులో చేర్చింది. చట్టం కాగితం మీద చేసినంత తేలిగ్గా అమలు కాలేదు. అయినా వైద్యుడితోపాటు సోదె చెప్పేవాణ్ణి కూడా జవాబుదారీ చేయాలనుకున్నారే, ఆ ఆలోచన నాకు నచ్చింది. కల చూసి మందు ఇచ్చేవాడూ మందే ఇస్తున్నాడు కదా.

అంగడిలో కూర్చున్నవాడి గురించి మాత్రం ఏ దేశంలోనూ ఎవరూ పెద్దగా రాయలేదు. వైద్యుడికి గ్రంథాలున్నాయి, పురోహితుడికి పద్ధతులున్నాయి. ఇద్దరి మధ్య కూర్చుని తూచి ఇచ్చేవాడికి ఉన్నది ఒక త్రాసు, ఒక తాళంచెవి. శెట్టిగారి బల్ల మీద బసవరాజీయం అనే వైద్యగ్రంథం ఒకటి ఉండేది, అట్ట ఊడిపోయి, పసుపు మరకలతో. ఎవరైనా చీటీ తెస్తే అందులో దినుసు సరిచూసేవారు. చీటీ లేకుండా చిత్రమూలం అడిగితే వైద్యుడి పేరు అడిగేవారు. పేరు చెప్పలేకపోతే సరుకు అయిపోయేది. సరే అనడం కంటే ఇవ్వననడం ఆయనకు ఎక్కువ పని. బేరం పోతుంది, మనిషికి కోపం వస్తుంది, ఎదురుగా ఇంకో అంగడి ఉంటుంది. యాభై ఏళ్ళు ఆ పని చేశారు.

ఇప్పుడు అంగడికి రానక్కరలేదు. ఫోనులో వేలు పెడితే చిత్రమూలం పొడి పొట్లం ఇంటికి వస్తుంది. శుద్ధి చేసిందో లేదో పొట్లం మీద ఉంటుంది, నిజం పొట్లం లోపల ఉంటుంది. తెల్లదో, ఎర్రదో, నీలిదో పొడి చేశాక నా వంటివాళ్ళు కూడా కంటితో చూసి చెప్పలేరు. ఆ పిల్ల చేతులవైపు చూసేవాళ్ళు ఆ ఫోనులో లేరు.

సభలో నాలుగైదు గ్రంథిగె అంగళ్ళవాళ్ళు ఉన్నారు, మామూల్‌పేట నుంచి వచ్చినవాళ్ళు కూడా కనిపిస్తున్నారు. మీకు ఒక్కటే మనవి. ఎంత చిన్న అంగడి అయినా చిత్రమూలం అరకు తాళం వేయండి. చీటీ లేకుండా ఇవ్వకండి. గర్భిణికి, పాలిచ్చే తల్లికి, పేరు చెప్పని మనిషికి అసలే ఇవ్వకండి. మీ పిల్లలకు సరుకు పేర్లు నేర్పేటప్పుడు 'అయిపోయింది' అనడం కూడా నేర్పండి.

నీలిపువ్వు చూడాలనుకున్నవాళ్ళు ఆదివారం పొద్దున్నే మా వీధి చివర పార్కుకు రండి. కంచె నిండా పూసి ఉంది, దగ్గరుండి చూపిస్తాను. పువ్వు కోసి చెవికి పెట్టుకోండి, పరవాలేదు, కాస్త జిగురు అంటుతుంది అంతే. వేరు జోలికి మాత్రం వెళ్ళకండి.